ఇంజన్ దెబ్బతిన్న పాత క్వాడ్ బైక్ కొని బాగుచేసుకోవడం ఎలా?

శ్రీశైలం రోడ్డు మీద ఆమనగల్లు, కల్వకుర్తి వైపు, బెంగళూరు హైవే మీద షాద్‌నగర్, జడ్చర్ల వైపు రిసార్టులు, ఫామ్‌హౌసులు పెరిగాయి. వాటిలో కొన్నేళ్లు తిరిగి అలసిపోయిన నాలుగు చక్రాల క్వాడ్ బైకులు ఇప్పుడు తక్కువ ధరకు అమ్మకానికి వస్తున్నాయి. తోటలో తిరగడానికి, డ్రిప్పు పైపులు చూసుకోవడానికి పనికొస్తుందని నల్గొండ బత్తాయి రైతులు, పాలమూరు మామిడి రైతులు వాటిని అడుగుతున్నారు. అమ్మేవారు చెప్పే మాట దాదాపు ప్రతిచోటా ఒకటే: "ఇంజన్‌లో చిన్న ఇబ్బంది ఉంది, కార్బొరేటర్ కడిగితే సరిపోతుంది." ఇది నమ్మి కొనవచ్చా, కొంటే పని ఎక్కడ మొదలుపెట్టాలి అని పదే పదే అడుగుతున్నారు కాబట్టి మొత్తం ఒకచోట రాస్తున్నాను.

ముందే ఒక మాట చెప్పేస్తాను. కంప్రెషన్, అంటే సిలిండర్‌లో పిస్టన్ గాలిని అదిమే ఒత్తిడి, కొలవకుండా ఏ పాత క్వాడ్ బైకూ కొనకండి. మన చెలక నేలల ఎర్ర దుమ్ములో సన్నని ఇసుక ఉంటుంది. ఆ ఇసుక సిలిండర్ ఇనుముకన్నా గట్టిది. ఎయిర్ ఫిల్టర్ సరిగ్గా లేని బండిలో అది నేరుగా ఇంజన్‌లోకి వెళ్లి పిస్టన్ చుట్టూ ఉండే రింగులను, బోరును (సిలిండర్ లోపలి రంధ్రాన్ని) అరగదీస్తుంది. రిసార్టు బండికి రోజంతా ముందు బండి లేపిన దుమ్మే గాలి. అలాంటి ఇంజన్‌కు కార్బొరేటర్ ఎన్నిసార్లు కడిగినా ప్రయోజనం ఉండదు.

ఇక్కడ చెప్పేది ఎక్కువగా దొరికే 110, 125, 150 సీసీ చైనా తయారీ బండ్ల గురించి. వీటన్నిటికీ ఒకే సిలిండర్, నాలుగు స్ట్రోకుల ఇంజన్, గాలితో చల్లబడే పద్ధతి. అంతకంటే పెద్దవి, నీటితో చల్లబడేవి అయితే పరీక్షల వరుస ఇదే, కొలతలు మాత్రం ఆ బండి మాన్యువల్‌లో చూసుకోవాలి.

చట్టం సంగతి కూడా కొనకముందే తెలుసుకోండి. మోటారు వాహనాల చట్టం 1988లోని 39వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ లేని వాహనాన్ని బహిరంగ ప్రదేశంలో నడపకూడదు. ఈ చిన్న క్వాడ్ బైకులకు నంబరు ప్లేటు ఉండదు. కాబట్టి మీ పొలం గట్టు దాటి పంచాయతీ రోడ్డు ఎక్కినా తప్పే. పిల్లవాడి చేతికిచ్చి రోడ్డు మీదకు పంపితే 199ఏ సెక్షన్ కింద తల్లిదండ్రులకు 25 వేల రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు పడవచ్చు. అచ్చంపేట వైపు ఉన్నవారు అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోకి దీన్ని తీసుకెళ్లాలన్న ఆలోచనే పెట్టుకోకండి.

కావలసినవి

బండి చూడటానికి వెళ్లేటప్పుడు: కంప్రెషన్ గేజ్ (చిన్న ఇంజన్లకు 10 ఎం.ఎం. మరల అడాప్టర్ ఉన్నది), ప్లగ్ పానా, ఒక కొత్త ప్లగ్, పూర్తిగా చార్జి చేసిన 12 వోల్టుల బ్యాటరీ, దాన్ని కలపడానికి వైర్లు, చిన్న సీసాలో ఇంజన్ ఆయిల్, సిరంజి, టార్చి, తెల్లగుడ్డ, కొత్త పెట్రోలు ఒక లీటరు.

బాగుచేసేటప్పుడు: పానాల సెట్టు, టీ పానాలు, ఫీలర్ గేజ్ (సన్నని సందులు కొలిచే పలకల సెట్టు; 0.05 ఎం.ఎం. పలక ఉన్నదే కొనండి, చాలా సెట్లలో అది ఉండదు), వీలైతే చిన్న టార్క్ పానా, కిరోసిన్ లేదా డీజిల్, కార్బొరేటర్ స్ప్రే, ప్యాకింగుల సెట్టు, బైకులకు వాడే ఇంజన్ ఆయిల్. ఆయిల్ డబ్బా మీద జేఏఎస్ఓ ఎంఏ (JASO MA) అన్న గుర్తు ఉండాలి. కారు ఆయిల్ పోయకండి. 110, 125 ఇంజన్లలో క్లచ్ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది, కారు ఆయిల్ పడితే జారుతుంది.

కొనకముందు

1. ఇంజన్ కోడ్ చదవండి. ఇంజన్ కింది భాగంలో, ఎక్కువగా ఎడమవైపు, పోతలో ఒక కోడ్ ఉంటుంది. 152ఎఫ్ఎంహెచ్, 157క్యూఎంజే లాంటివి. మొదటి అంకె సిలిండర్ల సంఖ్య. తరువాతి రెండు అంకెలు బోరు కొలత, మిల్లీమీటర్లలో. చివరి అక్షరం సైజు చెబుతుంది: హెచ్ అంటే 110, ఐ అంటే 125, జే అంటే 150 సీసీ తరగతి. దీన్ని ఫోటో తీసుకోండి. సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో, హైదరాబాద్ పుత్లీబౌలిలోనో విడిభాగాలు అడిగినప్పుడు బండి పేరు చెబితే ఎవరికీ అర్థం కాదు, ఈ కోడ్ చెబితే పని జరుగుతుంది. ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా అంతే.

ఇక్కడ ఒక పెద్ద పొరపాటు జరుగుతోంది. 110 ఇంజన్ చూడగానే మన మెకానిక్‌లు "ఇది స్ప్లెండర్ ఇంజనే, ఆ పిస్టన్ వేసేద్దాం" అంటారు. రెండూ హోండా పాత నమూనా నుంచి వచ్చినవే, పిస్టన్ ప్రయాణించే దూరం రెండింటిలోనూ 49.5 ఎం.ఎం. అయితే స్ప్లెండర్ 100 సీసీ బోరు 50 ఎం.ఎం., 152ఎఫ్ఎంహెచ్ బోరు 52.4 ఎం.ఎం. ఆ పిస్టన్ ఇందులో సరిపోదు. మెకానిక్‌కు ఈ ఇంజన్ పని తెలుసని సంతోషించండి, విడిభాగాలు మాత్రం కోడ్ ప్రకారమే తెప్పించండి.

2. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే చూడండి. మీరు వస్తున్నారని తెలిసి అమ్మేవారు ముందే స్టార్ట్ చేసి ఉంచుతారు. వేడెక్కిన ఇంజన్ తన రోగాలను దాచుకుంటుంది. వెళ్లగానే సైలెన్సర్ దగ్గర చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటే "రేపు ఉదయం వస్తాను, అప్పటిదాకా ముట్టుకోవద్దు" అని చెప్పి వెనక్కి రండి. ఒప్పుకోకపోతే ఆ బండి వదిలేయండి.

3. ఎయిర్ ఫిల్టర్ తెరవండి. నా లెక్కలో ఇది స్టార్ట్ చేసి చూడటం కన్నా ముఖ్యం. ఫిల్టర్ తీసి, కార్బొరేటర్‌కు వెళ్లే రబ్బరు గొట్టం లోపలి గోడను తెల్లగుడ్డతో తుడవండి. గుడ్డ మీద ఎర్రటి పొడి అంటుకుంటే ఇంజన్ దుమ్ము తిన్నదని అర్థం. ఫిల్టర్ అసలే లేకపోయినా, స్పాంజి పొడిపొడిగా రాలుతున్నా, గొట్టానికి క్లిప్పు లేకుండా తాడుతో కట్టి ఉన్నా అదే తీర్పు. అలాంటి బండికి బ్లాక్ (సిలిండర్), పిస్టన్ మార్చే ఖర్చు కచ్చితంగా ఉందనుకునే ధర మాట్లాడండి.

4. ఆయిల్ చూడండి. గేజ్ పుల్ల తీసి ఆయిల్‌ను వేళ్ల మధ్య రుద్ది, ఎండలో చూడండి. నల్లగా ఉంటే ఫర్వాలేదు. మెరిసే లోహపు రజను కనిపిస్తే లోపల బేరింగులో, గేర్లో అరుగుతున్నాయి. పాలు కలిసినట్టు తెల్లగా ఉంటే నీరు చేరింది. వానాకాలంలో బయట పడేసిన బండ్లలో ఇది మామూలే, క్రాంకు (పిస్టన్ తిప్పే ఇరుసు) బేరింగులు తుప్పు పట్టి ఉండవచ్చు. ఆయిల్ మరీ చిక్కగా, కొత్తగా ఉంటే కూడా అనుమానించండి. శబ్దాన్ని, పొగను అణచడానికి చిక్కటి ఆయిల్ పోసి అమ్మేవారున్నారు.

5. కంప్రెషన్ కొలవండి. ముందు ప్లగ్ చుట్టూ ఉన్న మట్టిని ఊదేయండి, లేకపోతే ప్లగ్ తీయగానే అది నేరుగా సిలిండర్‌లో పడుతుంది. ప్లగ్ తీసి, గేజ్ బిగించండి. తీసిన ప్లగ్‌ను దాని క్యాప్‌లో పెట్టి, మర భాగం ఇంజన్ లోహానికి తాకేలా, గేజ్ రంధ్రానికి దూరంగా ఉంచండి. యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి పట్టి, సెల్ఫ్‌ను అయిదారు సెకన్లు తిప్పండి. ముల్లు ఇక పెరగని చోట ఆగినప్పుడు చదవండి.

120 పీఎస్‌ఐ దాటితే ఇంజన్ పై భాగం బాగున్నట్టే. అప్పుడు కార్బొరేటర్ మాట నిజమై ఉండవచ్చు. 90 నుంచి 120 మధ్య ఉంటే నడుస్తుంది కానీ త్వరలో పని తప్పదు. 90 కంటే తక్కువైతే స్టార్ట్ కావడమే కష్టం, విప్పాల్సిందే.

తక్కువ వచ్చినప్పుడు అక్కడితో ఆగకండి. సిరంజితో ప్లగ్ రంధ్రంలో ఒక చెంచా ఆయిల్, అంటే సుమారు 5 మిల్లీలీటర్లు పోసి మళ్లీ కొలవండి. రీడింగ్ గణనీయంగా పెరిగితే రింగులు, బోరు అరిగాయి. పెరగకపోతే వాల్వులు సరిగ్గా కూర్చోవడం లేదు, లేదా హెడ్ ప్యాకింగ్ పోయింది. ఈ ఒక్క పరీక్షతో మీకు ఖర్చు అంచనా వచ్చేస్తుంది.

ఇక్కడ జరిగే పొరపాట్లు మూడు. యాక్సిలరేటర్ నొక్కకుండా కొలిస్తే మంచి ఇంజన్ కూడా తక్కువ చూపిస్తుంది. బ్యాటరీ నీరసంగా ఉన్నా అంతే, అందుకే మీ బ్యాటరీ తీసుకెళ్లమన్నాను. గేజ్ అడాప్టర్ కింద రబ్బరు వాషర్ లేకపోతే గాలి అక్కడే పోతుంది. గేజ్ దొరకలేదని ప్లగ్ రంధ్రం మీద వేలు పెట్టి చూసి సరిపెట్టుకోవద్దు. 80కీ 130కీ తేడా వేలికి తెలియదు.

6. పొగ చూడండి, స్టార్ట్ అయితే. మొదట కాస్త నీలం పొగ వచ్చి ఆగిపోతే వాల్వు సీళ్లు, అది చిన్న పని. రేసు పెంచినప్పుడల్లా నీలం పొగ వస్తుంటే రింగులు. నల్ల పొగ అయితే పెట్రోలు ఎక్కువ పోతోంది, కార్బొరేటర్ పని.

150 సీసీలో 157క్యూఎంజే లాంటి ఇంజన్లకు స్కూటర్ల మాదిరిగా బెల్టు ఉంటుంది. ఇంజన్ శబ్దం పెరుగుతున్నా బండి కదలకపోతే అది ఇంజన్ జబ్బు కాదు, బెల్టు అరిగింది. అమ్మేవారికే ఈ సంగతి తెలియక ఇంజన్ పోయిందని చౌకగా ఇచ్చేస్తున్న బండ్లు ఉన్నాయి. అలాంటిది దొరికితే వదలకండి.

7. మిగతా బండిని త్వరగా చూడండి. ముందు చక్రాన్ని రెండు చేతులతో పట్టి ఊపండి. కటకటలాడితే బాల్ జాయింట్లు, బుష్‌లు మార్చాలి. వెనుక ఇరుసు వంగిందేమో బండిని జాకీ మీద ఎత్తి, చక్రం తిప్పి చూడండి. ఫ్రేములో వెల్డింగు అతుకులుంటే, అవి సస్పెన్షన్ చేతుల దగ్గర ఉంటే, వద్దనేయండి. ఇంజన్ మార్చుకోవచ్చు, విరిగిన ఫ్రేమును నమ్మి కూర్చోలేరు.

8. ధర, కాగితాలు. బేరానికి ముందే బ్లాక్-పిస్టన్ సెట్టు, ప్యాకింగులు, కార్బొరేటర్, బ్యాటరీ, టైర్లు, మెకానిక్ కూలీ విడివిడిగా అడిగి రాసుకోండి. అదే మోడల్ నడుస్తున్న బండి ధరలోంచి ఆ మొత్తం తీసేయండి. మిగిలిన దానికన్నా ఎక్కువ ఇవ్వకండి. మొదటి బిల్లు లేదా రిసార్టు కొన్నప్పటి రసీదు అడగండి. చాసిస్ నంబరు, ఇంజన్ నంబరు రాసి, అమ్మినవారి సంతకంతో అమ్మకం పత్రం తీసుకోండి. చాసిస్ నంబరు గీకేసి ఉంటే ఎంత చౌకగా వచ్చినా తాకకండి.

బాగుచేయడం

వరుస ముఖ్యం. ఖర్చు లేని పని ముందు, ఇంజన్ విప్పడం చివర. వరుస తప్పినవారు ఇంజన్ విప్పి, మళ్లీ బిగించి, చివరికి ఒక స్విచ్ దగ్గర ఆగిపోతారు.

1. స్విచ్‌లు. పిల్లల బండ్లకు వెనుక ఒక తాడు స్విచ్ (తాడు లాగితే ఇంజన్ ఆగిపోయేది) ఉంటుంది. దాని క్లిప్పు పోతే స్పార్కు రాదు. కొన్ని బండ్లలో దూరం నుంచి ఆపే రిమోట్ పెట్టె ఉంటుంది, అది చెడినా అంతే. చాలా బండ్లు బ్రేకు పట్టి, న్యూట్రల్‌లో ఉంటే తప్ప సెల్ఫ్ తిరగనివ్వవు. బ్రేకు లివరు దగ్గర స్విచ్‌లో మట్టి చేరడం మన దగ్గర అతి సాధారణం. వీటన్నిటినీ చూశాకే ముందుకు వెళ్లండి. తాడు స్విచ్‌ను శాశ్వతంగా తీసేయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. పిల్లవాడు పడిపోయినప్పుడు బండిని ఆపేది అదే.

2. పెట్రోలు. ట్యాంకులో ఉన్న పాత పెట్రోలు మొత్తం పారబోసి, ట్యాంకు కడగండి. ఇప్పుడు మన పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటోంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, నెలల తరబడి నిలిస్తే నీరు వేరై అడుగున చేరుతుంది. పాత రబ్బరు గొట్టాలను ఉబ్బించి మెత్తబరుస్తుంది కూడా. అందుకే గొట్టాలు, పెట్రోలు ఫిల్టరు మార్చేయండి, చాలా తక్కువ ఖర్చు. ఈ పని ఆరుబయట చేయండి, దగ్గర్లో బీడీ, స్టవ్ ఏదీ ఉండకూడదు.

తరువాత కార్బొరేటర్ విప్పండి. స్క్రూలు తీసేముందు గాలి స్క్రూను లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లకు ఆనిందో లెక్కపెట్టి రాసుకోండి, తిరిగి అక్కడే పెట్టాలి. రాసుకోవడం మరిచిపోయినవారు ఒకటిన్నర చుట్టు బయటికి పెట్టి మొదలుపెట్టండి. చిన్న జెట్ రంధ్రమే ఎక్కువగా మూసుకుపోతుంది. వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే చుక్కలా వెలుగు కనిపించాలి. గుండుసూదితో పొడవకండి, రంధ్రం పెద్దదైతే ఆ జెట్ ఇక పనికిరాదు. కరెంటు వైరులోని సన్నని రాగి పోగు వాడండి, ఆపైన స్ప్రే కొట్టండి. బిగించాక స్టార్ట్ చేసి, కార్బొరేటర్‌కూ ఇంజన్‌కూ మధ్య అతుకు దగ్గర స్ప్రే కొద్దిగా చల్లండి. సైలెన్సర్‌కు దూరంగా, ఇంజన్ ఇంకా చల్లగా ఉన్నప్పుడే. రేసు మారితే అక్కడ గాలి లాగుతోంది, ప్యాకింగ్ మార్చాలి.

కార్బొరేటర్ మార్చాల్సి వస్తే అదే సైజుది వేయండి. పెద్దది వేస్తే శక్తి పెరగదు, నల్ల పొగ పెరుగుతుంది.

3. స్పార్కు. కొత్త ప్లగ్ తీసుకుని మొనల సందు 0.6 నుంచి 0.7 ఎం.ఎం. ఉండేలా చూడండి. ప్లగ్‌ను క్యాప్‌లో పెట్టి ఇంజన్‌కు ఆనించి సెల్ఫ్ తిప్పండి. నీలంగా, టపటపమని స్పార్కు రావాలి. రాకపోతే ప్లగ్ క్యాప్, తరువాత కాయిల్, ఆ తరువాత సీడీఐ పెట్టె (స్పార్కును నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె) చూడండి. సీడీఐ కొనేటప్పుడు జాగ్రత్త. ఏసీ సీడీఐ, డీసీ సీడీఐ అని రెండు రకాలున్నాయి. పిన్నులు సరిగ్గా కూర్చున్నా ఒకటి మరోదాని స్థానంలో పనిచేయదు. పాతది తీసుకెళ్లి అదే రకం అడగండి.

4. వాల్వు సందు. కంప్రెషన్ 90 వచ్చిందని ఇంజన్ విప్పేముందు వాల్వుకూ, దాన్ని నొక్కే ట్యాపెట్‌కూ మధ్య ఉండే ఈ సందును తప్పకుండా సరిచూడండి. సందు మరీ తగ్గిపోతే వాల్వు పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ పడిపోతుంది. పావుగంట పనితో ఇంజన్ బాగుపడిన సందర్భాలు ఉన్నాయి. ఇంజన్ రాత్రంతా చల్లారి ఉండాలి. మాగ్నెట్ (క్రాంకు చివర ఉండే చక్రం) మూత తీసి, దాని మీది టీ (T) గుర్తు కేసింగ్ మీది గీతకు ఎదురుగా వచ్చేలా తిప్పండి. రెండు ట్యాపెట్లూ వేళ్లకు కొద్దిగా వదులుగా తగలాలి. బిగుతుగా ఉంటే ఇంకో పూర్తి చుట్టు తిప్పండి. 110, 125 ఇంజన్లకు రెండింటికీ 0.05 ఎం.ఎం., 157క్యూఎంజే తరహాకు 0.10 ఎం.ఎం. పలక కొద్దిపాటి ఒరుపుతో జారాలి. నట్టు బిగించాక మళ్లీ కొలవండి, బిగించేటప్పుడే స్క్రూ తిరిగి సందు మారిపోతుంది. తరువాత కంప్రెషన్ మళ్లీ తీయండి.

5. పై భాగం విప్పడం. అప్పటికీ కంప్రెషన్ రాకపోతేనే ఇది. ముందు ఇంజన్‌ను బయట కడిగి ఆరబెట్టండి. దుమ్ము ఉన్న చోట, గాలి వీచే చెట్టు కింద ఇంజన్ తెరవకండి, గది లోపల చేయండి. ప్రతి దశా ఫోన్లో ఫోటో తీయండి.

టీ గుర్తు పెట్టి, క్యామ్ పళ్లచక్రం బోల్టులు తీయండి. టైమింగ్ గొలుసును సన్నని తీగతో పైకి కట్టేయండి. అది కిందికి జారితే సగం రోజు పోతుంది. హెడ్ నట్లు నాలుగూ ఎదురెదురుగా కొద్దికొద్దిగా వదులు చేయండి. వీటిలో ఒక స్టడ్ పక్కనుంచే ఆయిల్ పైకి వెళ్తుంది. ఆ నట్టు కింద రాగి వాషర్ ఉంటుంది. ఏ వాషర్, ఏ నట్టు ఎక్కడిదో అట్టముక్క మీద గుచ్చి పెట్టుకోండి. తారుమారైతే తిరిగి బిగించిన మరునాడే ఆయిల్ కారుతుంది.

సిలిండర్ పైకి లాగగానే కింద రంధ్రంలో శుభ్రమైన గుడ్డ కుక్కండి. పిస్టన్ క్లిప్పు అందులో పడితే ఇంజన్ మొత్తం విప్పాలి.

ఇప్పుడు చూడాల్సినవి. బోరు గోడ మీద నిలువు గీతలు గోటికి తగులుతున్నాయా? తగిలితే కొత్త బ్లాక్-పిస్టన్ సెట్టు వేయండి. లేత్ షాపులో బోరింగ్ చేయించి పెద్ద సైజు పిస్టన్ వేసే దారి కూడా ఉంది కానీ, ఈ చిన్న ఇంజన్లకు ఓవర్‌సైజు పిస్టన్ దొరకడమే కష్టం. ముందు పిస్టన్ చేతికి వచ్చాక, దాని కొలతకే బోరు చేయించాలి. గీతలు లేకపోతే పాత రింగును బోరులోకి సుమారు ఒక సెంటీమీటరు పిస్టన్‌తో నెట్టి, మొనల మధ్య సందు కొలవండి. 0.5 ఎం.ఎం. దాటితే రింగులు మార్చాలి. కొత్త రింగులతో కూడా అంతే వస్తే అరిగింది బోరు.

కనెక్టింగ్ రాడ్‌ను పట్టి నేరుగా పైకీ కిందికీ లాగండి. ఏమాత్రం కదలిక ఉండకూడదు. పక్కలకు కొద్దిగా కదలడం సహజం, దానికి భయపడకండి. పైకి కిందికి కదులుతుంటే క్రాంకు పోయింది. అలాంటప్పుడు కొత్త పిస్టన్ వేయడం డబ్బు వృథా. క్రాంకు పని చేయించాలా, అదే కోడ్ ఉన్న పూర్తి ఇంజన్ తెప్పించాలా లెక్క వేసుకోండి. చాలాసార్లు రెండోదే చౌక.

హెడ్‌ను తలకిందులుగా పెట్టి, ప్లగ్ బిగించి, వాల్వుల మీద కిరోసిన్ పోయండి. అయిదు నిమిషాల్లో లోపలి దారుల్లోకి తడి దిగితే వాల్వులకు పేస్టు పెట్టి రుద్దించాలి. వాల్వు సీళ్లు ఎలాగూ మార్చేయండి.

6. తిరిగి బిగించడం. పిస్టన్ తల మీద ఐఎన్ అన్న గుర్తు ఇన్‌టేక్ వైపు ఉండాలి. రింగుల మీద అక్షరాలున్న వైపు పైకి. రింగుల సందులు ఒకదాని మీద ఒకటి పడకుండా చుట్టూ సమానంగా పంచండి. క్లిప్పులు కొత్తవే వేయండి. బోరుకు, పిస్టన్‌కు ఆయిల్ రాయండి. డోవెల్ పిన్నులు, చిన్న రబ్బరు రింగులు మరవకండి.

గొలుసు ఎక్కించేటప్పుడు మాగ్నెట్ టీ గుర్తు మీద, క్యామ్ చక్రం గుర్తు హెడ్ మీది గీతకు ఎదురుగా, రెండూ ఒకేసారి కుదరాలి. బోల్టులు బిగించాక పానాతో ఇంజన్‌ను చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పండి. ఎక్కడైనా గట్టిగా ఆగితే బలం ఉపయోగించకండి. టైమింగ్ తప్పింది, విప్పి మళ్లీ కూర్చోబెట్టండి. సెల్ఫ్‌తో తిప్పి చూద్దామనుకుంటే వాల్వు వంగుతుంది.

హెడ్ నట్లు ఎదురెదురుగా, మూడు విడతల్లో బిగించండి. ఒకేసారి పూర్తిగా బిగిస్తే హెడ్ వంకరపోతుంది. వాల్వు సందు మళ్లీ పెట్టండి. ప్లగ్ తీసి, మునుపటిలాగే ఇంజన్‌కు ఆనించి, సెల్ఫ్ కొద్దిసేపు తిప్పి, ట్యాపెట్ మూత తీసి చూడండి. పైన ఆయిల్ తడి కనిపించాకే ప్లగ్ బిగించి స్టార్ట్ చేయండి.

7. మొదటి గంటలు. మూసిన గదిలో స్టార్ట్ చేయకండి, ఆ పొగ ప్రాణం తీస్తుంది. పది పదిహేను నిమిషాలు రేసు మారుస్తూ నడిపి, పూర్తిగా చల్లారనివ్వండి. మొదటి గంట తరువాత ఆయిల్ మార్చండి. అందులో కొద్దిగా రజను ఉండటం సహజం, రెండోసారి మార్చినప్పుడు ఉండకూడదు. మొదటి అయిదారు గంటలు సగం యాక్సిలరేటర్ దాటకండి.

మన ఎండల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం, నెమ్మదిగా బరువు లాగడం గాలితో చల్లబడే ఇంజన్‌కు అతి కష్టమైన పని. 110 బండికి ట్రాలీ తగిలించి బత్తాయి పెట్టెలు లాగించకండి. కొత్త పిస్టన్ కూడా పట్టేస్తుంది. పని ఉదయం ముగించండి.

టైర్ల గాలి సంగతి చాలామందికి తెలియదు. క్వాడ్ బైక్ టైరుకు సాధారణంగా 3 నుంచి 5 పీఎస్‌ఐ చాలు. టైరు పక్కన రాసి ఉంటుంది. పంక్చర్ షాపులో బైకు లెక్కన 30 కొట్టిస్తే బండి బంతిలా ఎగురుతుంది, మలుపులో తిరగబడుతుంది. తక్కువ గాలి కొలిచే చిన్న గేజ్ కొనుక్కోండి. హెల్మెట్ లేకుండా, ఒక్కరికే ఉన్న సీటు మీద ఇద్దరు కూర్చుని, గట్ల మీద అడ్డంగా నడపకండి. పెద్దవాళ్ల బండిని పిల్లలకు ఇవ్వడం నాకు అసలు అంగీకారం కాదు, పొలం మనదే అయినా సరే.

బాగైందో లేదో ఇలా చూడండి

పది గంటలు నడిచాక, చల్లని ఇంజన్ మీద కంప్రెషన్ మళ్లీ తీయండి. 120 దాటి ఉండాలి, మొదటి రోజు కన్నా కాస్త పెరిగి ఉంటే రింగులు కూర్చున్నట్టే. ప్లగ్ మొన లేత గోధుమ రంగులో ఉండాలి. మసిలా నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ, తెల్లగా కాలినట్టుంటే తక్కువ లేదా ఎక్కడో గాలి లాగుతోంది. తెల్ల ప్లగ్‌తో బండి నడపకండి, పిస్టన్ కరుగుతుంది. ఆయిల్ మట్టం తగ్గిందేమో గేజ్ పుల్లతో చూడండి. వాల్వు సందు ఇంకోసారి సరిచూడండి, కొత్త పనిలో అది మారుతుంది.

చివరగా ఎయిర్ ఫిల్టర్ గొట్టం లోపలికి మళ్లీ తెల్లగుడ్డ పెట్టి తుడవండి. కొనేముందు చేసిన పరీక్షే. గుడ్డ తెల్లగా వస్తేనే మీ పని పూర్తయింది. కొంచెం ఎరుపు కనిపించినా ఫిల్టర్ పెట్టె మూత దగ్గర, గొట్టం క్లిప్పుల దగ్గర ఎక్కడ సందుందో వెతకండి. స్పాంజి ఫిల్టర్ అయితే కిరోసిన్‌లో కడిగి, ఆరాక ఫిల్టర్ ఆయిల్ రాసి, పిండి పెట్టాలి. పొడి స్పాంజి సన్నని దుమ్మును ఆపలేదు. వాన లేని రోజుల్లో చెలకలో తిరిగే బండికి ఈ పని వారానికోసారి చేయండి, వేరే బండి వెనుక దుమ్ములో నడిపితే ఆ సాయంత్రమే.